వెలివేసిన డబ్బా

రెండు వంతెనలూ ఒక్కరోజే కొట్టుకుపోయిన వరద వచ్చిన ఏడు జరిగింది ఇది. దానికి ముందు వరదలో పశువులు పోయాయి. ఆ ముందు వరదలో పంటలు పోయాయి. ఈ వరదలో మాట పోయింది. ఫోను స్తంభాలన్నీ నీళ్ళలో కూలబడ్డాయి. చేతిలో ఫోను ఉన్నా అద్దం ముక్కతో సమానం.

అప్పుడు సహాయ కార్యాలయం వాళ్ళు రేవులో రేకుల షెడ్డు ఒకటి వేసి, ఏటిలో తిరిగే ప్రతి పడవకీ ఒక డబ్బా ఇచ్చారు. టిఫిను క్యారేజీ అంత ఉంటుంది. పైన చిన్న తెర, పక్కన మీటలు, నెత్తిన ఒక కమ్మీ. దానికి స్తంభంతో పనిలేదు. ఒక పడవలో కొట్టిన కబురు దగ్గర్లో ఉన్న పడవ డబ్బా అందుకుంటుంది. అది ఇంకోదానికి అందిస్తుంది. అలా చేతులు మారుతూ రేవుకి చేరుతుంది. పడవలు ఒకచోట నిలవవు గనక దారి కూడా ఒకచోట నిలవదు. ఇందాక అటునుంచి వచ్చిన కబురు ఇప్పుడు ఇటునుంచి వస్తుంది. ఏ దారిన పోవాలో డబ్బాలే ఒకదాన్నొకటి అడిగి తెలుసుకుంటాయి. మనిషి పడవ నడుపుకుంటే చాలు.

డబ్బాలు బిగించింది ఒక ఇంజినీరమ్మ. సన్నటి మనిషి, ఎప్పుడు చూసినా తడిబట్టలు, నిద్రలేని కళ్ళు. రోజూ పొద్దు వాలాక షెడ్డు గుమ్మంలో నిలబడి, ఆ రోజు ఎవరి డబ్బా మీదుగా ఎక్కువ కబుర్లు నడిచాయో చదివేది. పడవలవాళ్ళకి హుషారు పుట్టించాలని ఆవిడ ఉద్దేశం. పుట్టింది హుషారు కాదు.

రేవులో అన్నిటికన్నా పెద్ద పడవ సరంగుది. ఆయన మాటలు తక్కువ మనిషి. అవునన్నా ఊఁ, కాదన్నా ఊఁ. ఆయన పేరు ఎప్పుడూ అడుగునే వినపడేది. మొదట వినపడేది ఆయన బావమరిది. అతనిది నాటుపడవ. పదిమంది ఎక్కితే పదకొండోవాడి కాలు నీళ్ళలో ఉంటుంది. కానీ అతను ఏటి మలుపులో, సగం మునిగిన కరెంటు స్తంభానికి పడవ కట్టుకుని నిలబడేవాడు. మలుపుకి అవతల జనపనార మిల్లు, ఇవతల రేవు. అటు మాట ఇటు రావాలంటే అతని డబ్బా మీదుగా రావాల్సిందే.

“బావా, నీ పడవ చూస్తే ఏనుగు. మోసేది చూస్తే చీమంత,” అని రేవంతా వినేలా అరిచేవాడు. “ఆ డబ్బా ఇంటికి పట్టుకెళ్ళి అక్కకియ్యి. ఉప్పు పోసుకుంటుంది.”

అందరూ నవ్వేవారు. ఇంజినీరమ్మ కూడా నవ్వేది. సరంగు తల వంచుకుని తాడు చుట్టుకుంటూ ఉండేవాడు. కడుపులో మంట కడుపులోనే ఉండేది.

బావమరిది భార్య పురిట్లోనే పోయింది. ఆ పసిగుడ్డుని సరంగు భార్య తెచ్చి పెంచింది. వాళ్ళకి వేరే పిల్లలు లేరు. సరంగు చేత నాలుగు మాటలు వరసగా మాట్లాడించినది ఈ లోకంలో ఆ పిల్ల ఒక్కతే. “మావయ్యా, మాట్లాడితే నోరు అరిగిపోతుందా?” అని గడ్డం పట్టుకుని ఊపేది. ఆయన ఆమెని అమ్మడూ అని పిలిచేవాడు. ఇప్పుడు పెద్దదై మిల్లులో నార దువ్వే పనిలో చేరింది. వరదకి మిల్లు చుట్టూ ఇళ్ళు మునిగితే ఆడవాళ్ళందరినీ మిల్లు మేడ మీదికి ఎక్కించారు. పాతకాలపు కట్టడం, ఏమీ కాదన్నారు. నడవలేని ముసలివాళ్ళని వదిలి రానని ఆ పిల్లా అక్కడే ఉండిపోయింది.

ఆ రోజు పొద్దున సరంగు భార్య రేవుకి వచ్చింది. తమ్ముడు పడవ విప్పుతుంటే తాడు పట్టుకుని ఆపింది.

“ఒరే, ఇవాళ పిల్లని తీసుకురారా. నా మనసు మనసులో లేదు.”

“అది వస్తే కదే అక్కా. మొండి. అచ్చం వాళ్ళ మావయ్య. కంగారుపడకు. నీళ్ళు మేడ మెట్లెక్కితే కబురు కొడతాను. బావ పెద్ద పడవ వేసుకొస్తాడు. అందర్నీ ఒక్కసారే దింపేస్తాం. ఏం బావా, వస్తావా? ఏనుగుని తోలడానికి మావటివాణ్ణి కూడా పంపమంటావా?”

“ఊఁ,” అన్నాడు సరంగు.

నాటుపడవ వెళ్ళిపోయింది. ఆవిడ ఇంటిదారి పట్టింది. సరంగు వెళ్ళి టీ బల్ల దగ్గర కూర్చున్నాడు. అక్కడ అప్పటికే మీసాలాయన, గురక ఉన్నారు. ఇద్దరూ పడవలవాళ్ళే, నడి ఏటిలో సరంగుకి అటొకరు ఇటొకరు తిరుగుతుంటారు. ఒకాయనకి మీసం మీద ప్రాణం. ఒకాయనకి నిద్ర మీద.

“మీ బావమరిది నోటికి ఇవాళ తాళం వేద్దామా?” అన్నాడు మీసాలాయన. తన మీసాన్ని అందరి ముందూ చీపురన్నప్పటినుంచి ఆయనకి లోపల రగులుతూనే ఉంది.

తాళం అంటే ఏమిటో చెప్పాలి. ఎగువ రేవులో ఎవడో దొంగ తన డబ్బా చేత ‘రేవుకి అందరికన్నా నేనే దగ్గర’ అని అబద్ధం చెప్పించాడు. మిగతా డబ్బాలు నమ్మి కబుర్లన్నీ దాని చేతిలో పెట్టాయి. అది ఒక్కటీ ముందుకి పంపకుండా మింగి కూర్చుంది. ఎవరు ఇల్లు ఖాళీ చేశారో ఆ కబుర్లలో చూసుకుని వాడు ఇళ్ళు దోచాడు. దాంతో ఇంజినీరమ్మ డబ్బాలకి డబ్బాలనే కాపలా పెట్టింది. ఏ డబ్బా అయినా కబుర్లు మింగుతోందని తోస్తే, దాని గుర్తు తెర మీదికి తెచ్చి ఎర్ర మీట నొక్కాలి. మూడు పడవలవాళ్ళు నొక్కితే ఆ డబ్బా వెలి. ఆ ముగ్గురే మళ్ళీ నొక్కితేగాని, లేదంటే ఇంజినీరమ్మ తన మెడలో వేలాడే తాళంచెవితో తిప్పితేగాని, వెలి పోదు.

ఆవిడ ఇదంతా విడమరిచే చెప్పింది. చెప్పినప్పుడు సరంగు తాడు చూసుకుంటున్నాడు, మీసాలాయన మీసం సవరించుకుంటున్నాడు, గురక సరేసరి. ముగ్గురి బుర్రలోనూ మిగిలింది ఒక్కటే. వెలిపడ్డ డబ్బా మీదుగా పరాయి కబుర్లు నడవవు, సాయంత్రం వాడి పేరు చదవరు. వాడి సొంత కబురు కూడా ఎవరూ పుచ్చుకోరన్న సంగతి ఎవరి చెవికీ తగల్లేదు.

“పాపం రా,” అని గురక ఆవలించాడు.

“పాపమేంటి? సాయంత్రం పేర్లు చదివేటప్పుడు వాడి మొహం ఎలా ఉంటుందో చూడొద్దూ? చూశాక తీసేద్దాం. సరదాకేగా.”

ఇద్దరూ సరంగు వైపు చూశారు. సొంత బావమరిది. ఆయన వద్దంటే అక్కడితో పోయేది. సరంగు టీ గ్లాసు కింద పెట్టి, డబ్బా ఒళ్ళోకి తీసుకున్నాడు. ముగ్గురిలోనూ ముందు నొక్కింది ఆయనే.

నడి ఏటిలోకి వెళ్ళిన కాసేపటికి డబ్బా మీద అంతకుముందెన్నడూ చూడని ఎర్రదీపం ఒకటి వెలిగి ఆరింది. మళ్ళీ వెలిగింది. మీసాలాయన తన పడవని సరంగు పడవ పక్కకి తెచ్చాడు. మొహం చాటంతైంది.

“మొదలెట్టాడు! తెలిసిపోయింది వాడికి. తిడుతున్నాడు. ఇదిగో, ఇది నిన్ను. ఇది నన్ను. అబ్బో, ఇది మా అమ్మని.”

“నన్ను తిట్టలేదా?” అవతలి పడవలోంచి గురక అరిచాడు.

“నిన్ను తిట్టి నోరెందుకు పాడుచేసుకుంటాడు?”

దీపం మళ్ళీ వెలిగింది. సరంగు నవ్వాడు. పళ్ళు కనపడేలా నవ్వాడు. పడవలో కూర్చున్న మనుషులు ఆ మొహం కూడా నవ్వుతుందా అన్నట్టు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

ఎండెక్కే వేళకి ఇంజినీరమ్మ దగ్గర్నుంచి కబురొచ్చింది. సరంగు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాడు. మిల్లు వైపు నుంచి ఏమైనా కబురుందా అని. లేదు అని కొట్టాడు. అబద్ధమేం కాదు. కబురు రాలేదు. కబురు లేదంటే కష్టం లేదని ఆవిడ అనుకుంది. మిల్లు కోసం ఆపి ఉంచిన మోటారుబోటుని ఎగువకి పంపేసింది. అది తెల్లటి నురగ కక్కుకుంటూ సరంగు ముందునుంచే వెళ్ళింది. దాని అలకి పెద్ద పడవ కూడా ఊగింది.

అప్పటినుంచి దీపం ఊపిరి తీసుకోవడం మానేసింది. వెలిగి ఆరడం కాదు, కొట్టుకుంటోంది. తిట్టేవాడు ఎంతని తిడతాడు? ఎంత వాగుడుకాయైనా అలిసిపోతాడు. సరంగు పడవ రేవుకి తెచ్చాడు. పొద్దున కూర్చున్న టీ బల్ల నీళ్ళలో తేలుతోంది. టీ అమ్మే మనిషి పొయ్యి చంకలో పెట్టుకుని గట్టెక్కుతున్నాడు.

సరంగు షెడ్డులోకి వెళ్ళాడు.

“ఈ ఎర్రదీపం దేనికమ్మా?”

“వెలేసిన డబ్బా ఏదో కబురు తెచ్చి తలుపు కొడుతోందని గుర్తు. మన డబ్బాలు తలుపు తీయవులెండి.”

“పరాయి కబురుకేనా? సొంత కబురైనా అంతేనా?”

“దొంగ డబ్బాకి సొంతమేంటి, పరాయేంటి? అదేం కొట్టినా దాని పొట్టలోనే ఉండిపోతుంది.” ఆవిడ తలెత్తింది. “ఏం, ఎవర్నైనా వెలేశారా సరంగు గారూ?”

తాళంచెవి ఆవిడ మెడలో తాడుకి వేలాడుతోంది. చెయ్యి చాస్తే అందుతుంది. ఒక్క మాట చెబితే చాలు. షెడ్డులో దుప్పట్లు మడతపెట్టేవాళ్ళు ఉన్నారు, ఒక పోలీసు ఉన్నాడు. అందరూ ఆయన నోటి వంకే చూస్తున్నట్టు ఆయనకి తోచింది. బావమరిది పేరు మొదట వినలేక వాణ్ణి వెలేసిన సరంగు. బతికినన్నాళ్ళూ ఈ రేవులో ఆయనకి అదే పేరు.

“లేదమ్మా. ఊరికే అడిగాను,” అని బయటికి వచ్చేశాడు.

సరంగు మీసాలాయన పడవని నడి ఏటిలో అందుకున్నాడు. అది నిండా జనంతో ఉంది.

“మళ్ళీ నొక్కు.”

“ఏంటి?”

“తీసేద్దాం. వాడి సొంత కబురు కూడా రాదంట. మిల్లు మేడ మీద మా పిల్ల ఉంది.”

మీసాలాయన మొహంలో నవ్వు ఆరిపోయింది. కాసేపటికి ఇంకో రకం నవ్వు వచ్చింది.

“ఇప్పుడు తీస్తే, ముగ్గురం వేశాం, ముగ్గురం తీశాం అని ఆవిడ తెర మీద పడుతుంది. ఉత్తుత్తి వెలి వేసినవాళ్ళ డబ్బాలు లాక్కుంటుందని ఇందాకే విన్నాను. డబ్బా లేనివాడికి డీజిలివ్వరు. నా పెళ్ళాం పిల్లలు గాలి తిని బతకాలా?”

“నీ కాళ్ళు పట్టుకుంటా.”

“నీ కాళ్ళూ చేతులూ నాకెందుకయ్యా? ముందు నొక్కిందెవరు? పొద్దున లేని ప్రేమ ఇప్పుడెక్కడ్నుంచి ఊడిపడింది?” మీసం దువ్వుకున్నాడు. “సరే, ఒక పని చెయ్యి. నా మీసాన్ని చీపురన్నాడు వాడు. వాడి బదులు నువ్వు చెప్పు, తప్పయిందని. వీళ్ళందరూ వినాలి.”

సరంగు చెప్పాడు.

“వినపడలేదు. ఇంజను మోత.”

సరంగు ఇంజను ఆపి మళ్ళీ చెప్పాడు. పడవలో జనానికి సంగతేంటో తెలియదు. అంత పెద్దమనిషి మీసానికి క్షమాపణ చెబుతుంటే ఒకరిద్దరు నవ్వారు. మీసాలాయన తృప్తిగా తలూపాడు.

“బాగుంది. మిగతాది సాయంత్రం చూద్దాంలే,” అని పడవ తిప్పుకుని వెళ్ళిపోయాడు.

గురక పడవ ఒడ్డు పక్కన చెట్టుకి కట్టి ఉంది. అతను గోనెల మీద పడి నిద్రపోతున్నాడు. లేపితే, నాకేం అభ్యంతరం, నేను నొక్కుతా అన్నాడు. నొక్కాడు కూడా. సరంగూ నొక్కాడు. ఇద్దరు నొక్కితే ఏం లాభం? మూడో వేలు కావాలి. సరంగు మళ్ళీ మీసాలాయన కోసం ఏరంతా వెతికాడు. షెడ్డు ముందునుంచి రెండుమూడుసార్లు పోయాడు. ఇంజినీరమ్మ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది కూడా. ఆయన పడవ ఆపలేదు.

దీపం ఆగిపోయింది. వెలుగుతుందేమోనని ఆయన తెర వంక చూస్తూ ఉన్నాడు. వెలగలేదు. అప్పుడు, అప్పుడుగాని, ఆయన చుక్కాని మిల్లు వైపు తిప్పలేదు.

మలుపులో కరెంటు స్తంభం ఒక్కటే ఉంది. నాటుపడవ లేదు. మలుపు తిరిగి చూస్తే మిల్లు మేడకి ఏటి వైపు గోడ లేదు. పైకప్పు ఒక పక్కకి ఒరిగి నీళ్ళలో మునిగి ఉంది. చుట్టూ నార బేళ్ళు ఉబ్బిపోయి, తేలుతూ, ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. దూరంగా పంపుషెడ్డు కప్పు మీద కొంతమంది ముసలమ్మలు ముడుచుకుని కూర్చున్నారు. కింద నాటుపడవలో బావమరిది. డబ్బాని రెండు చేతులతో పట్టుకుని బల్లకేసి కొడుతున్నాడు.

“వచ్చావా బావా!” అన్నాడు. గొంతు అతనిది కాదు. “ఇది పాడైందిరా బావా. పొద్దున్నించీ కొడుతూనే ఉన్నాను. మెట్లెక్కాయి అని కొట్టాను. మేడెక్కాయి అని కొట్టాను. గోడ పగులు ఇచ్చింది అని కొట్టాను. నీ డబ్బాకి ఒక్కటీ రాలేదా?”

“రాలేదు.”

“అమ్మడేది?” అని సరంగు అడగలేదు. బావమరిదే చెప్పాడు. చెప్పకుండా ఉండలేడు, వాగుడుకాయ గదా.

“ముసలివాళ్ళని నలుగురు నలుగురు చొప్పున దింపాను. దాన్ని ఎక్కమన్నాను బావా. ఎక్కలేదు. నాకు తొందరేంటి నాన్నా, మావయ్య పెద్ద పడవ వేసుకొస్తున్నాడుగా, అందులో వస్తాను అంది. నువ్వు వస్తున్నావని నేనే చెప్పాను. కబురు కొట్టానుగదా అని చెప్పాను. కిటికీలో కూర్చుని నీ పడవ కోసమే చూసింది. ఆ కిటికీ ఉన్న గోడే ముందు పడింది.”

ఇద్దరూ వెతికారు. బేళ్ళ మధ్య దొరికింది. నారలో చుట్టుకుని దొరికింది. ఇంటికి తెచ్చాక, నార ఎక్కడో జుట్టు ఎక్కడో విడదీయడానికి వాళ్ళత్తకి చాలాసేపు పట్టింది. ఆవిడ ఏడవకుండా, ఒక్కొక్క పోగూ లాగుతూ కూర్చుంది. మొత్తం అయ్యాక తమ్ముడి వైపు తిరిగింది.

“నీ నోరు పడిపోను. పనికిమాలిన వాగుడు రోజంతా వాగుతావే, పనికొచ్చే మాట ఒక్కటి చేర్చలేకపోయావట్రా? ఇదిగో, నోరు లేని మనిషి ఆయన. ఒక్క కబురు అందితే ఏరు ఈదుకునైనా పోయేవాడు. నా గుమ్మం దిగు.”

నోరు లేని మనిషి గోడకి ఆనుకుని వింటున్నాడు.

ఆ సాయంత్రం పేర్లు చదవలేదు. ఇంజినీరమ్మే ఇంటికి వచ్చింది. వాకిట్లో మీసాలాయన, గురక కూడా ఉన్నారు. ఆవిడ మొహం పాలిపోయి ఉంది.

“లెక్క తీస్తే మీ బావమరిది డబ్బా వెలిలో ఉందని తేలింది,” అంది. “మీరు ముగ్గురే వేశారు.”

“మింగుతోందమ్మా,” అన్నాడు మీసాలాయన తడుముకోకుండా. “పొద్దున్నించీ చూశాం. కబురిస్తే ముందుకి పోదు. మీరు చెప్పినట్టే నొక్కాం. మాకేమైనా సరదానా?”

గురక కాలి బొటనవేలితో మట్టి గీకుతున్నాడు.

“సరంగు గారూ, మీరు మధ్యాహ్నం లేదన్నారే?”

ఆయన తల ఎత్తలేదు. “భయపడ్డానమ్మా. సొంతవాడు. మింగుతోందని ఎలా చెప్పను?”

ఆ మాట ఆయన నోట అంత నున్నగా ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. మీసాలాయన కూడా ఒక్క క్షణం మెచ్చుకోలుగా చూశాడు.

“రేపు పొద్దున ఆ డబ్బా నాకు చేర్చండి,” అంది ఆవిడ. “విప్పితే తెలిసిపోతుంది. మింగిన డబ్బా అయితే పరాయి కబుర్లుంటాయి. కాకపోతే…” అని ముగ్గురినీ చూసి ఆగిపోయింది.

“మింగే ఉంటుందమ్మా,” అన్నాడు బావమరిది గేటు అవతల నిలబడి. లోపలికి రానివ్వలేదు గనక అక్కడే ఉన్నాడు. “ముగ్గురు పెద్దవాళ్ళు, అందులో మా బావ, అబద్ధం చెబుతారా? నేను కనిపెట్టాల్సింది. దొంగ డబ్బా నమ్ముకుని నా పిల్లని నేనే నిలబెట్టి చంపుకున్నాను.”

ఇంజినీరమ్మ గేటు దాటి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే సరంగు బావమరిది ఇంటికి వెళ్ళాడు. అతను అరుగు మీద డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

“ఇలా ఇయ్యి. షెడ్డుకే పోతున్నాను.”

బావమరిది రెండు చేతులా ఇచ్చాడు. “జాగ్రత్త బావా, తడవనీకు. నేను కొట్టినవన్నీ అందులోనే ఉంటాయంట. చివర్లో పిల్ల కూడా నా చేతిలోంచి డబ్బా తీసుకుని ఏదో కొట్టింది. మావయ్యకి అని కొట్టింది, నన్ను చూడనివ్వలేదు.”

సరంగు దాన్ని చంకలో పెట్టుకుని రేవుకి వచ్చాడు. ఇంజను వేసి, ఒక్కడే నడి ఏటిలోకి పోయాడు. చిన్న లంగరుని డబ్బాకి తాడుతో కట్టాడు. ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూశాడు. పడవ అంచుమీంచి నీళ్ళలోకి వదిలాడు. బురద నీళ్ళు గనక వెంటనే కనపడకుండా పోయింది.

తర్వాత పడవ రేవుకి తిప్పాడు. అవతలి ఒడ్డుకి పోవాల్సినవాళ్ళు మూటలతో నిలబడి ఉన్నారు.

“ఎక్కండి,” అన్నాడు.